కారులో రెండు ఆంప్లిఫైయర్లకి ఒకటే పవర్ వైర్ సరిపోతుందా?

అన్నలూ, తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి. మా స్విఫ్ట్‌లో డోర్ స్పీకర్లకి ఫోర్ ఛానల్ ఆంప్ ఉంది, ఫ్యూజ్ 40 ఆంపియర్లు, బ్యాటరీ నుంచి 8 గేజ్ వైర్ డిక్కీ దాకా వెళ్తోంది. ఇప్పుడు సబ్‌వూఫర్ కోసం 60 ఆంపియర్ల మోనో ఆంప్ కూడా పెడుతున్నా. కోఠిలో ఒక షాపాయన "ఏం కాదు భాయ్, ఉన్న వైర్‌నే రెండుగా చీల్చెయ్" అన్నాడు గానీ, మొత్తం 100 ఆంపియర్లు ఆ సన్న వైర్ మీద అంటే నాకు టెన్షనే.

8 కన్నా లావుండే 4 గేజ్ వైర్ ఒకటే లాగి, బ్యాటరీ పక్కనే మెయిన్ ఫ్యూజ్, వెనక కరెంటుని రెండు ఆంప్‌లకి పంచే, ఫ్యూజులున్న డిస్ట్రిబ్యూషన్ బ్లాక్ పెడితే చాలా? ఆయన చూపించిన 4 గేజ్ వైర్ బ్లేడుతో గీకితే లోపల తెల్లగా ఉంది, అంటే రాగి పూత వేసిన అల్యూమినియమే, దానికైతే ఇంకా లావుది కావాలి కదా. అసలైన రాగి వైర్ సిటీలో ఎక్కడ దొరుకుతుంది?

ఇంకోటి, యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో సన్నగా కుయ్‌మంటోంది. ఆంప్ గ్రౌండ్‌ని (నెగటివ్ వైర్) సీటు బెల్టు బోల్టుకి బిగించారు, నాకు నచ్చలేదు. రెండు ఆంప్‌ల గ్రౌండూ పెయింట్ గీకి ఒకేచోట బాడీకి ఇస్తే పోతుందా? స్టీరియో ఆన్ కాగానే ఆంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైర్‌ని రెండింటికీ నేరుగా ఇవ్వొచ్చా, మధ్యలో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టాలా?