ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఎంఎస్ రీసెర్చ్: ప్రొఫెసర్‌ని ముందుగా ఏం అడగాలి?

గుంటూరు కుర్రాడు:
అందరికీ నమస్కారం. అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ యూనివర్సిటీలో జియోఫిజిక్స్ ఎంఎస్‌కి సీటొచ్చింది. ఇద్దరు ప్రొఫెసర్లు మాట్లాడదామన్నారు. ఒకరిది పర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ళ తరబడి గడ్డకట్టే ఉండే నేల. ఇంకొకరిది అరోరా, అంటే ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో కనపడే రంగుల వెలుగులు. రెండింట్లో ఏది మంచిదో తేల్చుకోలేకపోతున్నాను. జనవరిలో కాస్త చల్లగాలి వీస్తేనే మా అమ్మ మఫ్లర్ చుట్టేస్తుంది. అలాంటిది మైనస్ 40లో ఫీల్డ్‌వర్క్ అంటే ఇంట్లో ఒకటే టెన్షన్. అసలు స్టూడెంట్ల చేత ఏం చేయిస్తారు?
ఇంకో సందేహం. క్యాంపస్‌కి దగ్గర్లో ఒక ఇల్లు చూశాను, అద్దె చాలా తక్కువ. 'డ్రై క్యాబిన్' అని రాశారు. తేమ లేకపోతే మంచిదే కదా, అడ్వాన్స్ కట్టేయనా?

చలిచీమ:
ముందు ఆ అడ్వాన్స్ ఆపు తమ్ముడూ! డ్రై క్యాబిన్ అంటే నీళ్ళ కనెక్షన్ లేని చెక్క ఇల్లు. కుళాయి ఉండదు. తాగే నీళ్ళు క్యాన్లలో మోసుకోవాలి, స్నానానికి క్యాంపస్‌కి పోవాలి, మరుగుదొడ్డి పెరట్లో ఉంటుంది. దాని మీద సీటు నీలం రంగు ఫోమ్ బోర్డుతో కోసి పెడతారు. ఫోమ్ ఒంటి వేడిని లాగదు కాబట్టి మైనస్ 40లో కూడా కూర్చోగలం. నవ్వకు, ఇక్కడ చాలామంది స్టూడెంట్లు అలాగే ఉంటారు. నేనూ రెండో ఏడాది నుంచి అలాంటి ఇంట్లోనే ఉన్నాను. మొదటి చలికాలం మాత్రం హాస్టల్లో ఉండు.

ఇక రీసెర్చ్. నాది పర్మాఫ్రాస్ట్, ఇక్కడికొచ్చి నాలుగేళ్ళు. 'ఏది మంచిది' అన్న ప్రశ్న పక్కన పెట్టి, ప్రొఫెసర్‌ని 'మీ డేటా ఏ నెలలో వస్తుంది' అని అడుగు. ఈ ఊళ్ళో థీసిస్ క్యాలెండర్‌ని నడిపేది నేల, చీకటి. వాటి తర్వాతే సెమిస్టర్.

వరసగా రెండేళ్ళయినా సున్నా డిగ్రీలు దాటకుండా ఉండే నేలే పర్మాఫ్రాస్ట్. దాని పైన వేసవిలో కరిగి చలికాలంలో మళ్ళీ గడ్డకట్టే పొర ఉంటుంది, దాన్ని యాక్టివ్ లేయర్ అంటారు. అది అన్నిటికంటే లోతుగా కరిగేది వేసవి చివర. అందుకే ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో మా కొలతలు. మారుమూల బోర్లు వేయాలంటే మార్చి, ఏప్రిల్ అనుకూలం. అప్పటికి వెలుగొస్తుంది, బురద నేలలు ఇంకా గడ్డకట్టే ఉంటాయి కాబట్టి సామాను స్నోమెషిన్ల (మంచు మీద నడిచే బండ్ల) మీద లాక్కెళ్ళొచ్చు. మీ అమ్మగారు భయపడుతున్న డిసెంబర్, జనవరిలో మేం చాలావరకు గదిలో కూర్చుని గ్రాఫులు గీస్తుంటాం.

నువ్వు మొదట పట్టుకునే పరికరం బహుశా ఒక ఉక్కు చువ్వ. పైన అడ్డంగా పిడి, ఒంటి మీద సెంటీమీటర్ల గీతలు, అంతే. నాచులోంచి కిందికి నొక్కుతూ పోతే ఒకచోట ఆగిపోతుంది. అది గడ్డకట్టిన నేలా, మామూలు రాయా అన్నది చేతికి తెలియాలి. రాయి తగిలితే టంగుమని చెయ్యి జిల్లంటుంది. మంచు నేలయితే దబ్ మని మొద్దుగా ఆగుతుంది. మొదటి రోజు నేను నమోదు చేసిన వాటిల్లో సగం రాళ్ళే! మా ప్రొఫెసర్ ఏమీ అనలేదు, పక్కన నిలబడి అవే చోట్ల మళ్ళీ గుచ్చి చూపించారు.

చలిలో అసలు ఇబ్బంది పరికరాలతో. ఒకసారి నవంబర్‌లో మైనస్ 35 దగ్గర డేటాలాగర్ (కొలతల్ని తనంతట తానే నమోదు చేసుకునే పరికరం) నుంచి రీడింగులు దించుకుందామని వెళ్ళాను. ల్యాప్‌టాప్ నాలుగు నిమిషాల్లో చచ్చిపోయింది. కేబుల్ వంచితే పుల్లలా విరిగింది. గంటన్నర ప్రయాణం దండగ. అప్పటినుంచి బ్యాటరీలు కోటు లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకుంటాను. ఎక్కువకాలం వదిలేసే వాటికి మామూలు ఆల్కలైన్ సెల్స్ వద్దు, లిథియం సెల్స్ వాడాలి. నోట్స్ పెన్సిల్‌తోనే రాసుకో, పెన్నులో ఇంకు కదలదు. కెమెరా లోపలికి తెచ్చే ముందు, బయట ఉండగానే జిప్ కవర్లో పెట్టి మూసెయ్. లేకపోతే లోపలికి రాగానే దానికి చెమట పట్టినట్టు నీళ్ళు కారతాయి.

రాత్రికాపలా:
అరోరా సంగతి నేను చెప్తాను. వేసవిలో ఇక్కడ ఆకాశం చీకటి పడదు, కాబట్టి కంటితో గానీ మామూలు కెమెరాతో గానీ చూసే పనంతా ఆగస్టు చివరి నుంచి ఏప్రిల్ దాకానే. డిసెంబర్ 21 ప్రాంతంలో పగలు 3 గంటల 40 నిమిషాలే, మాకు అదే పండగ సీజన్. అలాగని రాత్రంతా బయట నిలబడం. కెమెరాలు అద్దపు గుమ్మటాల కింద ఉంటాయి, మేం కింద వెచ్చగా తెరల ముందు ఉంటాం. పైథాన్ ప్రోగ్రామింగ్ రాకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి, రోజూ చేసే పని అదే.

యూనివర్సిటీకి సొంతంగా పోకర్ ఫ్లాట్ అని రాకెట్ కేంద్రం ఉంది, ఊరికి 50 కిలోమీటర్ల లోపే. నాసా సౌండింగ్ రాకెట్లు, అంటే పైకెళ్ళి కొలతలు తీసుకుని కిందపడిపోయే చిన్న రాకెట్లు, అక్కడి నుంచి అరోరాలోకి వెళ్తాయి. రాకెట్ ఎగిరేది పదిహేను నిమిషాలో, ఇంకాస్తో. దాని కోసం రెండు మూడు వారాలు రోజూ రాత్రి కాపలా కాస్తాం. అరోరా ఉంటే మబ్బు ఉంటుంది, మబ్బు పోతే గాలి ఎక్కువ ఉంటుంది, అన్నీ కుదిరాయనుకుంటే అరోరా మాయమవుతుంది. ఒక ఏడాది కౌంట్‌డౌన్ ఎన్నిసార్లు ఆగిందో లెక్క మర్చిపోయాను. ఓపిక లేనివాళ్ళకి ఇది పడదు.

ఒక్క లాభం ఉంది. గుంటూరులో ధ్రువనక్షత్రం క్షితిజానికి 16 డిగ్రీల ఎత్తులో దొరికితే గొప్ప. ఇక్కడ 65 డిగ్రీల ఎత్తున నెత్తి మీదే ఉంటుంది, సప్తర్షులు అస్తమించరు. అరుంధతిని రాత్రంతా చూసుకోవచ్చు.

టూలిక్ దోమ:
మూడో దారి కూడా ఉంది, మీ ఇద్దరూ చెప్పలేదు :) మా బయాలజీ వాళ్ళకి వేసవే ప్రాణం. టూలిక్ ఫీల్డ్ స్టేషన్ అనే పరిశోధన కేంద్రాన్ని 1975 నుంచి ఈ యూనివర్సిటీయే నడుపుతోంది. ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి ఉత్తరంగా 600 కిలోమీటర్లు, డాల్టన్ హైవే మీద రోజంతా ప్రయాణం. బ్రూక్స్ పర్వతాలు దాటాక ఒక్క చెట్టు కనపడదు. జియోఫిజిక్స్ వాళ్ళూ అక్కడ పనిచేస్తుంటారు కాబట్టి మీ ప్రొఫెసర్‌కి సైట్లున్నాయేమో అడగండి. దారిలో కోల్డ్‌ఫుట్ అనే మజిలీలో పెట్రోల్ నింపుకోకుండా ముందుకెళ్ళొద్దు, ఆ తర్వాత డెడ్‌హార్స్ దాకా, అంటే 380 కిలోమీటర్లకు పైగా, బంకు లేదు. అక్కడ చలిని తట్టుకోవచ్చు గానీ జులైలో దోమల్ని తట్టుకోలేం. నా పేరు చూశారుగా.

గుంటూరు కుర్రాడు:
అందరికీ థాంక్స్. అక్కా, డబ్బు విషయం ఎలా అడగాలి? మొదటి మాటలోనే అడిగితే బాగుండదేమో. మా చెల్లి డిగ్రీ రెండో ఏడాది, తర్వాత తనూ వస్తానంటోంది. డిగ్రీ వాళ్ళకి రీసెర్చ్ ఇస్తారా?

చలిచీమ:
డబ్బు అడగడం తప్పు కాదు, ఎలా అడుగుతామన్నదే ముఖ్యం. 'ఫండింగ్ ఇస్తారా' అని అడిగితే 'చూద్దాం' అంటారు. 'ఈ రీసెర్చ్ అసిస్టెంట్ పోస్టు ఏ గ్రాంటు మీద, అది ఎప్పటిదాకా ఉంటుంది, ట్యూషన్ ఫీజు, హెల్త్ ఇన్సూరెన్స్ అందులో కలిసే ఉన్నాయా, వేసవి నెలలకి కూడా జీతం ఉందా' అని అడుగు. ఆ గ్రాంటు ఇంకో ఏడాదిలో అయిపోయేదైతే, తర్వాత ఏం చేస్తారో కూడా అడిగేసెయ్. నేను అడగలేదు. రెండో ఏడాది సగంలో గ్రాంటు అయిపోయి, హడావుడిగా టీచింగ్ అసిస్టెంట్‌గా మారాల్సి వచ్చింది. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని, అదీ గుర్తుంచుకో.

కోటు గుంటూరులో కొనకు. మన దగ్గర దొరికేవి మనాలీ ట్రిప్పుకి సరిపోతాయి. బూట్లు, చేతితొడుగులు ఇక్కడికొచ్చాక కొనుక్కోవచ్చు. ఫీల్డుకి కాటన్ బనీన్లు అసలు వద్దు, చెమటకి తడిస్తే ఆరవు, ఒళ్ళు గడ్డకడుతుంది. ఉన్నివి తెచ్చుకో. కారు కొంటే ఇంజిన్‌కి బ్లాక్ హీటర్ (ఇంజిన్ గడ్డకట్టకుండా కరెంటుతో వెచ్చగా ఉంచేది) ఉందో లేదో చూడు. క్యాంపస్ పార్కింగుల్లో కార్లకి కరెంటు ప్లగ్గులుంటాయి, సెల్‌ఫోన్‌లా గుచ్చి వెళ్ళాలి.

మీ చెల్లికి: డిగ్రీ వాళ్ళ రీసెర్చ్ కోసం విడిగా ఒక ఆఫీసు ఉంది, పేరు ఉర్సా. చిన్న గ్రాంట్లు, ప్రయాణ ఖర్చులు ఇస్తుంది. నాతో చువ్వ గుచ్చేవాళ్ళలో ఇద్దరు డిగ్రీ పిల్లలే, రాళ్ళ విషయంలో నాకంటే నయం.

గుంటూరు కుర్రాడు:
పర్మాఫ్రాస్ట్ వైపే మొగ్గుతున్నాను అక్కా. ఆయన మంగళవారం పొద్దున పదింటికి అన్నారు. తొమ్మిదింటికల్లా తయారుగా కూర్చుంటాను.

చలిచీమ:
ఎవరి పదింటికి? ఇప్పుడు ఏప్రిల్ కాబట్టి మేం మీకంటే పదమూడున్నర గంటలు వెనక. ఆయన పది అంటే మీకు మంగళవారం రాత్రి పదకొండున్నర. మధ్యాహ్నం ఒక కునుకు తీసి కూర్చో.