31 ఏళ్లకే గుండె లయ తప్పుతోంది: రోజూ మందా, అవసరమైనప్పుడేనా?

అప్పుడప్పుడు గుండె ఉన్నట్టుండి దడదడలాడి, గంటా రెండు గంటల్లో తనంతట తనే సర్దుకుంటుంది. ఒంటికి తగిలించుకుంటే రోజంతా ఈసీజీ తీసే హోల్టర్‌లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) అని తేలింది. ఎకో (గుండె స్కానింగ్), థైరాయిడ్ నార్మలే. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ రోజూ వేసుకుంటున్నా. దడ తగ్గింది కానీ, మెట్లెక్కితే ఒంట్లో సత్తువే ఉండట్లేదు. కూర్చున్నప్పుడు నాడి 50 దగ్గరే.

డాక్టరుగారు గుండె లయ సరిచేసే ఫ్లెకైనైడ్ మాటెత్తారు. గుండె నిర్మాణంలో లోపం లేనివాళ్లకే ఇస్తారట. దడ మొదలైనప్పుడు మాత్రమే వేసుకునే పద్ధతీ ఉందట, మొదటిసారి మాత్రం ఆసుపత్రిలోనే. ఎమియోడరోన్ అనే మరో లయ మందు ఈ వయసులో వద్దన్నారు, థైరాయిడ్‌కీ ఊపిరితిత్తులకీ చేటని. అబ్లేషన్ (సన్నటి గొట్టం పంపి, లయ చెడగొట్టే గుండె కణజాలాన్ని పనిచేయకుండా చేయడం) అంటేనే ఇంట్లో కంగారు!

మీలో ఇలా జేబులో మాత్ర పెట్టుకుని తిరిగే చిన్న వయసువాళ్లున్నారా? రోజూ మందు మానేసి దానికి మారాక ఎలా ఉంది? డాక్టరుగారిని అడక్కుండా ఏదీ మార్చనులెండి, ఈసారి వెళ్లినప్పుడు ఏమేం అడగాలో తెలుస్తుందని.