హైబ్రిడ్ కారు ఫ్యూయల్ గేజ్‌ను ఎంతవరకు నమ్మాలి?

మా హైబ్రిడ్ కారులో ట్యాంక్ నింపాక దాదాపు 200 కిలోమీటర్ల దాకా గేజ్‌లో ఒక్క గీత కూడా తగ్గదు. ఆ తర్వాత గబగబా పడిపోతాయి. చివరి గీత మిణుకుమంటుంటే టెన్షన్ పడి బంకుకు వెళ్తాను. తీరా చూస్తే 43 లీటర్ల ట్యాంకులో 33 లీటర్లే పడుతుంది.

ఇంకో భయం. పంపు దానంతటదే ఆగాక కూడా ఇన్నాళ్లూ మరో రెండు లీటర్లు పోయించేవాణ్ణి. అలా చేస్తే ఆవిరిని పట్టి ఉంచే చార్‌కోల్ క్యానిస్టర్‌లోకి పెట్రోలే చేరి అది పాడవుతుందని ఈమధ్యే తెలిసింది. వెంటనే మానేశాను. ఇంజిన్ లైటు వెలగలేదు గానీ, నింపిన రోజున వెనక సీటు దగ్గర కాస్త పెట్రోల్ వాసన వస్తోంది. పిల్లలు కూర్చునేది అక్కడే. క్యానిస్టర్ దెబ్బతిందో లేదో ఎలా తేల్చుకోవాలి?

ఉత్తర అమెరికాలో అమ్మిన 2004-2009 టొయోటా ప్రియస్ హైబ్రిడ్ కారు ట్యాంకులో మెత్తని సంచి ఉండేది, చలికి అది బిగుసుకుని పెట్రోల్ తక్కువ పట్టేది. నాది మామూలు గట్టి ట్యాంకే. మరి ట్యాంకులో పెట్రోల్ మట్టాన్ని కొలిచే ఫ్లోట్ సెన్సర్ మార్పించాలా, లేక గేజ్ తీరే ఇంతా? ట్రిప్ మీటర్ చూసి నింపేవాళ్లు ఎంత పెట్రోల్ మిగిలి ఉండగా వెళ్తున్నారు? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.