యార్క్ మిన్‌స్టర్‌కి 20 పౌండ్ల టికెట్: కొనాలా, బయటి నుంచే దండం పెట్టాలా?

లీడ్స్‌లో_రాజమండ్రి

వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. ఒక రోజు యార్క్ చూపిద్దామనుకుంటున్నాం. అక్కడి పెద్ద కెథెడ్రల్ యార్క్ మిన్‌స్టర్‌లోకి వెళ్ళాలంటే మనిషికి 20 పౌండ్ల దరిదాపుల్లో టికెట్. మేం నలుగురం. నాన్నకి ఫోన్లో చెబితే "ప్రార్థన చేసుకునే చోటికి టికెట్టేంట్రా" అన్నారు. నాదీ అదే మాట. మ్యూజియంకి డబ్బు తీసుకుంటే తప్పు లేదు, ఇది ఈ రోజుకీ ఆరాధన జరిగే చోటు కదా. 2003 దాకా ఇక్కడా టికెట్ లేదు. అంతకుముందు వందల ఏళ్ళు ఎలా నడిచింది మరి? మీరేమంటారు?

రాతిగోడ

ఎలా నడిచిందో చెప్తాను. భూముల మీద ఆదాయం, రైతుల పంటలో పదో వంతు, సెయింట్ విలియం సమాధి చూడటానికొచ్చిన యాత్రికుల కానుకలు, రాజులూ బిషప్పులూ ఇచ్చిన సొమ్ము. ఆ రోజుల్లో జనం దగ్గర డబ్బు తీసుకోలేదని కాదు, గుమ్మం దగ్గర తీసుకోలేదంతే. ఇప్పుడు రోజువారీ నిర్వహణకి ప్రభుత్వం నుంచి రెగ్యులర్‌గా వచ్చే డబ్బేమీ లేదు.

తూర్పు వైపు పెద్ద కిటికీ సంగతే చూడండి. టెన్నిస్ కోర్టంత ఉంటుంది. కోవెంట్రీ నుంచి వచ్చిన జాన్ థార్న్‌టన్ అనే గాజు పనివాడు 1405లో మొదలుపెట్టి 1408కల్లా పూర్తి చేశాడు. పైన సృష్టి కథ, కింద లోకం అంతమయ్యే కథ. మొత్తం పనికి అతనికి ముట్టింది 56 పౌండ్లు, అందులో 10 గడువులోపు ముగించినందుకు ఇచ్చిన బోనస్. ఆ ఖర్చు భరించింది వాల్టర్ స్కిర్లా అనే డరమ్ బిషప్. ఈ మధ్య అదే కిటికీలోని 311 పలకల్నీ విప్పి, శుభ్రం చేసి, విరిగినవి అతికి మళ్ళీ బిగించారు. పదేళ్ళకు పైగా పట్టిన ఆ పని 2018లో ముగిసింది. ఇక గోడలు సున్నపురాయి. వానకీ పొగకీ అరిగిపోతూ ఉంటుంది. అందుకే పక్కనే రాళ్ళు చెక్కే వర్క్‌షాప్ ఉంది, అక్కడ పని ఏళ్ళ తరబడి ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. ఆ చెక్కేవాళ్ళకి జీతాలు ఎవరివ్వాలి?

బొబ్బిలి_బర్మింగ్‌హామ్

తిరుమలలో 300 రూపాయల టికెట్ తీసుకున్నప్పుడు రాని బాధ ఇక్కడెందుకు వస్తోందో 😄

లీడ్స్‌లో_రాజమండ్రి

బ్రో, అక్కడ సర్వదర్శనం క్యూ పక్కనే ఉంటుంది. డబ్బు లేనివాడు ఎక్కువసేపు నిలబడతాడు, కానీ అదే స్వామిని చూస్తాడు.

సుధ_షెఫీల్డ్

ఇక్కడా ఆ దారి ఉంది తమ్ముడూ. ప్రార్థనకి వచ్చేవాళ్ళని టికెట్ అడగరు. చాలా రోజులు సాయంత్రం ఈవెన్‌సాంగ్ ఉంటుంది. కాయిర్ (చర్చి పాటల బృందం) పాడే ఆరాధన, ముప్పావు గంట దాకా సాగుతుంది. ఏ మతంవాళ్ళైనా వెళ్ళి కూర్చోవచ్చు. మా అత్తగారు సంగీతం టీచరు, ఇంగ్లీషు అంతగా రాదు. ఆవిడకి ఇంగ్లండ్ మొత్తంలో నచ్చింది అదే. ఆ ఎత్తైన కప్పు కింద పిల్లల గొంతులు ఎంత పైకి వెళ్తాయో వినాల్సిందే, ఫొటోలో రాదు.

రాతిగోడ

సుధ గారు చెప్పింది నిజమే, కానీ ఒక చిక్కు ఉంది. ఈవెన్‌సాంగ్‌కి వెళ్తే కూర్చోబెట్టిన చోట కూర్చుని లేచి రావాలి. అటూ ఇటూ తిరిగి చూస్తామంటే కుదరదు. చాప్టర్ హౌస్ (మతాధికారులు సమావేశమయ్యే చోటు) తప్పిపోతుంది. ఎనిమిది మూలల గది, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు, కప్పు బరువంతా పైన ఉన్న చెక్క కట్టడమే మోస్తుంది. నేల కింద ఉన్నదీ తప్పిపోతుంది. 1967లో పునాదులు కుంగుతున్నాయని తెలిసి కాంక్రీటుతో గట్టి చేయడానికి తవ్వితే రోమన్ల సైనిక కేంద్రం గోడలు బయటపడ్డాయి. ఇప్పుడదే మ్యూజియం. కాన్‌స్టంటైన్‌ని 306లో రోమన్ చక్రవర్తిగా ప్రకటించింది ఈ ఊళ్ళోనే, ఆయన విగ్రహం బయటే ఉంది (దానికి టికెట్ లేదు, అమ్మానాన్నతో ఫొటో దిగండి).

న్యూకాజిల్_నాయుడు

ఇంతమంది ఇన్ని చెప్తున్నారు, ఒక్కరూ డరమ్ కెథెడ్రల్ మాటెత్తరేంటి? యార్క్ నుంచి రైల్లో గంటలోపే. 1093లో మొదలుపెట్టి నలభై ఏళ్ళలో కట్టేశారు. రాతి కప్పుకి అడ్డంగా పక్కటెముకల్లా కమానులు వేసి బరువు పంచే పద్ధతిని అంత పెద్ద ఎత్తున వాడిన తొలి కట్టడాల్లో అదొకటి. 1986లోనే యునెస్కో జాబితాకెక్కింది. సెయింట్ కత్‌బర్ట్ సమాధీ, చరిత్రకారుడు బీడ్ సమాధీ రెండూ లోపలే. తలుపు దగ్గర టికెట్ లేదు, హుండీ ఉంది, మీ ఇష్టం. మ్యూజియంకీ టవర్‌కీ మాత్రం డబ్బు కట్టాలి. టికెట్ లేకుండా నడవదు అనేవాళ్ళకి ఇదే జవాబు.

రాతిగోడ

నాయుడు గారూ, డరమ్ నాకూ ఇష్టమే. కానీ యార్క్‌కి వచ్చే టూరిస్టుల రద్దీ వేరు. హుండీ మీద నడపాలంటే వచ్చినవాళ్ళు వెయ్యాలి కదా. మనవాళ్ళు ఎంత వేస్తారో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. ఇక ప్రమాదాలు. 1829లో జోనాథన్ మార్టిన్ అనే మతిచలించినవాడు సాయంత్రం ఆరాధన తర్వాత లోపలే దాక్కుని నిప్పు పెట్టాడు. 1984 జులైలో దక్షిణం వైపు కప్పు కాలిపోయింది, పిడుగు వల్లే అంటారు. గులాబీ కిటికీ అద్దం వేల పగుళ్ళు పట్టింది కానీ రాలిపోలేదు. కప్పు తిరిగి కట్టినప్పుడు ఒక టీవీ కార్యక్రమం పిల్లలకి పోటీ పెట్టి, గెలిచిన బొమ్మల్ని కప్పు మీద చెక్కించింది. చంద్రుడి మీద మనిషి కూడా అందులో ఉన్నాడు. మెడ నొప్పి పుట్టేదాకా వెతకండి.

మిక్లిగేట్_మాధవి

మేం యార్క్‌లోనే ఉంటాం, అడ్రస్ ప్రూఫ్ చూపిస్తే మాకు మిన్‌స్టర్ ఫ్రీ. కాబట్టి నా మాటకి విలువెంతో మీరే చూసుకోండి :) నన్నడిగితే ఈ ఊరి అసలు సొత్తు కోటగోడ. మూడు కిలోమీటర్లకు పైగా గోడ మీదే నడవొచ్చు, పైసా ఖర్చు లేదు. బూథమ్ బార్ (ఇక్కడ బార్ అంటే కోట ద్వారం) దగ్గర ఎక్కి మంక్ బార్ దగ్గర దిగండి. ఆ ముక్క చాలు, మిన్‌స్టర్ ఎక్కడా కనపడనంత అందంగా అక్కడి నుంచి కనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈ గోడని కూల్చేద్దామని ఊరి కార్పొరేషనే చూసింది, జనం గొడవ చేసి ఆపారు. ఒక్క జాగ్రత్త: చాలా చోట్ల లోపలి వైపు రెయిలింగ్ ఉండదు. పెద్దవాళ్ళని వానలో ఎక్కించొద్దు. చీకటి పడేలోపు గేట్లు మూసేస్తారు.

నాన్నగారికి రైల్వే మ్యూజియం కూడా ఫ్రీనే. ఆవిరి ఇంజన్లలో వేగం రికార్డు ఉన్న మల్లార్డ్ అక్కడుంది, 1938లో గంటకి 203 కిలోమీటర్లు.

బొబ్బిలి_బర్మింగ్‌హామ్

జోర్విక్ మ్యూజియం సంగతేంటి? వైకింగుల వీధిలో చిన్న బండెక్కించి తిప్పుతారు, వాసనలతో సహా.

సుధ_షెఫీల్డ్

పిల్లలుంటే వెళ్ళండి. కాపర్‌గేట్‌లో 1976 నుంచి తవ్వి బయటపెట్టిన చోటు, అంతవరకూ గొప్పదే. పెద్దవాళ్ళని పేడవాసన కోసం డబ్బిచ్చి తీసుకెళ్ళడం నాకు నచ్చలేదు. దానికన్నా క్లిఫర్డ్స్ టవర్. టికెట్ ఉంది, అయినా ఆ మట్టిదిబ్బ కిందైనా ఒక నిమిషం ఆగండి. 1190లో ఊరి మూక తరిమితే అక్కడున్న చెక్క కోటలో దాక్కున్న యూదులు దాదాపు 150 మంది చనిపోయారు. చాలామంది మూక చేతికి చిక్కడం కన్నా ప్రాణం తీసుకోవడమే మేలనుకున్నారు. ఇప్పుడున్న రాతి టవర్ తర్వాతి శతాబ్దంలో కట్టింది. షాంబుల్స్ వీధిలో ఫొటోలు దిగి వెళ్ళిపోయేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

లీడ్స్‌లో_రాజమండ్రి

అందరికీ థాంక్స్. అమ్మానాన్నకి రెండు టికెట్లు తీస్తాం. ఆ టైంలో నేనూ మా ఆవిడా గోడ మీద నడుస్తాం, సాయంత్రం నలుగురం ఈవెన్‌సాంగ్‌కి వెళ్తాం. రాతిగోడ గారూ, మీ లెక్కలన్నీ ఒప్పుకుంటాను, కానీ డరమ్ తలుపు తీసి పెట్టగలిగినప్పుడు యార్క్ ఎందుకు తీయలేదన్నదానికి రద్దీ అన్న ఒక్క మాట నాకు చాలలేదు.

రాతిగోడ

చాలకపోతే మీ నాన్నగారు చూసొచ్చాక ఆయన్నే అడగండి. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, పొద్దున ఆరాధనలతోనే సరిపోతుంది, చూడటానికి తెరిచేసరికి మధ్యాహ్నం అవుతుంది.

న్యూకాజిల్_నాయుడు

ఆదివారం డరమ్ రండి, నేను తిప్పుతాను.