‘మున్నీరు’ అంటే మూడు నీళ్లా, మునుపటి నీరా?

తీరవాసి:
‘కన్నీరు మున్నీరుగా ఏడ్చింది’ అని మనమందరం అంటాం. కాని ఇందులోని రెండో మాటకు సముద్రమని అర్థమున్నట్టు ఇప్పుడు చాలామందికి తెలియదు; ప్రాస కోసం చేర్చిన జంటపదమని అనుకుంటున్నారు. నా దృష్టిలో ఇది మును, నీరు అనే రెండు మాటల కలయిక. భూమి కంటె ముందే ఉన్న నీరు కనుక సముద్రానికి ఆ పేరు వచ్చింది. ‘మున్నుడి’ కూడా ఇలాగే ఏర్పడింది. తైత్తిరీయోపనిషత్తు చెప్పిన సృష్టిక్రమంలోనూ నీటి నుంచే భూమి పుట్టింది. మూడు నీళ్లు అనే అర్థాన్ని పండితులు తరువాత కల్పించారని నా నమ్మకం.

పదశోధి:
తీరవాసి గారూ, ఇది ప్రాస కోసం పుట్టిన జంటపదం కాదన్న మీ మాట నిజం. తెలుగులో అలా అనుకరణగా చేరే మాట ‘పులీ గిలీ’, ‘నీరూ గీరూ’ అన్నట్టు గకారంతో మొదలవుతుంది గాని ముకారంతో కాదు. అయితే వ్యుత్పత్తి విషయంలో మీతో ఏకీభవించలేను.

‘మూడు’ మరో నామవాచకంతో కలిసినప్పుడు డువర్ణం లోపించి, అచ్చు కురుచై, తరువాతి హల్లు ద్విత్వమవుతుంది. ముజ్జగములు, ముల్లోకములు, ముమ్మారు, మున్నూరు అన్నీ ఈ దారిలో వచ్చినవే కనుక మున్నీరు కూడా ఆ వరుసలో ఇమిడిపోతుంది. మీరు చూపిన మున్నుడి కూడా సరైన ఉదాహరణే కాబట్టి, తెలుగు వర్ణక్రమం ఒక్కటే ఆధారమైతే ఈ తగవు ఎన్నటికీ తేలదు. మన లిపిలో రెండు వ్యుత్పత్తులకూ ఒకే ‘న్న’ వస్తుంది.

తమిళ లిపి ఇక్కడ సాయపడుతుంది. దానిలో నకారాలు రెండు: ఒకటి తకారం దగ్గర పలికే దంత్యం, రెండోది ఱకారం దగ్గర పలికేది. ‘ముందు’ అనే అర్థమున్న ‘మున్’తో నీరు కలిస్తే రెండో నకారం రావాలి, ‘మూడు’తో కలిస్తే దంత్య నకారం రావాలి. ప్రాచీన తమిళ సంగ సాహిత్యంలోని పురనానూరు అనే పద్య సంకలనం 9వ పద్యంలో సముద్రాన్ని చెప్పే ఈ మాట దంత్య నకారంతోనే ఉంది. ఇది తమిళం నుంచి మనకు వచ్చిందని నేను అనడం లేదు. పాత కన్నడంలోనూ ఈ మాట ఉంది కనుక ఇది మూడు భాషల ఉమ్మడి సొత్తు. అందుకే ఒక భాషలో చెరిగిపోయిన గుర్తును మరో భాషలో వెతకడం న్యాయమే.

తీరవాసి:
ఆ మూడు ఏవో తమిళ వ్యాఖ్యాతలే తేల్చుకోలేదు గదా! ఏటి నీరు, ఊట నీరు, వాన నీరు అని ఒక వివరణ. సృష్టించడం, కాపాడడం, నాశనం చేయడం అనే మూడు పనులు చేసే నీరని మరొక వివరణ. అసలు అర్థం మరచిపోయిన తరువాతనే ఇన్ని ఊహలు పుడతాయి.

గోదావరి పాఠకురాలు:
మూడు సముద్రాలనే భావన దక్కనులోనే ఉండేది. గౌతమీ బాలశ్రీ వేయించిన నాసిక్ శాసనం తన కుమారుడైన గౌతమీపుత్ర శాతకర్ణిని ‘తిసముదతోయపీతవాహన’ అని, అంటే మూడు సముద్రాల నీళ్లు తాగిన వాహనాలు గలవాడని కీర్తించింది. దీన్ని కూడా లెక్కలోకి తీసుకోరా?

పదశోధి:
అమ్మా, ఆ బిరుదు నాకూ ఇష్టమైనదే, కాని అది ప్రాకృతంలో రాజు దిగ్విజయాన్ని చాటే మాట. అందులో లెక్కించినవి సముద్రాలు, నీళ్లు కావు. కాబట్టి దాన్ని సాక్ష్యంగా నిలపను. తీరవాసి గారి అభ్యంతరానికి నా సమాధానం ఇది: ఆ మూడు ఏవన్న దానిపైనే వ్యాఖ్యాతలు విభేదించారు గాని, మూడు అన్న సంఖ్యపై ఆ రెండు వివరణలకూ భేదం లేదు. ఉపనిషత్తు చెప్పినది నీరనే భూతాన్ని గురించి. అది ఏటికీ చెరువుకూ కూడా వర్తిస్తుంది కనుక సముద్రానికి ప్రత్యేకమైన పేరు కాజాలదు.

ఇక వాడుక సంగతి. పత్రికలు ‘కన్నీరుమున్నీరయ్యారు’ అని కలిపి రాయడం నాకు సమ్మతం కాదు. ‘కన్నీరు మున్నీరుగా’ అన్నప్పుడు కన్నీరే సముద్రమంత అవుతుంది. కలిపి రాస్తే ఏడ్చిన మనిషే ఆ రెండూ అయినట్టు అర్థం వస్తుంది.