ప్లాస్మాలో నైట్రైట్ కొలత: గ్రీస్ పద్ధతిలో విలువలు బ్లాంక్‌ను దాటడం లేదు

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని):
అందరికీ నమస్కారం. అధిక రక్తపోటు ఉన్నవారిలో నైట్రిక్ ఆక్సైడ్ (రక్తనాళాలను సడలించే వాయువు) ఉత్పత్తిని అంచనా వేయడానికి వారి ప్లాస్మాను గ్రీస్ పద్ధతిలో (నైట్రైట్ ఉంటే రంగు వచ్చే రసాయన పరీక్ష) పరీక్షిస్తూ, 540 నానోమీటర్ల వద్ద శోషణం చూస్తున్నాను. నైట్రైట్‌ను నేరుగా కొలిస్తే నమూనాలన్నీ బ్లాంక్‌తో (నమూనా కలపని పోలిక ద్రావణంతో) సమానంగానే ఉంటున్నాయి. నైట్రేట్ రిడక్టేజ్ (నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చే ఎంజైమ్) కలిపాక రంగు బాగానే వస్తోంది గానీ, ఆరోగ్యవంతులలోనే ఒకరికీ మరొకరికీ ఎంతో తేడా ఉంది. రక్తాన్ని హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే పదార్థం) ఉన్న గొట్టాలలో తీశాము. ఆహార నియమమేదీ పెట్టలేదు. దీనిని ఎలా సరిదిద్దుకోవాలి?

జవాబు 1:
కిట్ తన పని తాను చేస్తోందనే నా అభిప్రాయం. రక్తంలోకి చేరిన నైట్రిక్ ఆక్సైడ్ ఆక్సీహిమోగ్లోబిన్‌తో (ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌తో) చర్య జరిపి క్షణంలో నైట్రేట్‌గా మారిపోతుంది కాబట్టి, మనకు దొరికేవి దాని అవశేషాలు మాత్రమే. ఉపవాసంలో ఉన్న ఆరోగ్యవంతుల ప్లాస్మాలో నైట్రైట్ సాధారణంగా కొన్ని వందల నానోమోలార్‌ను మించదు. ప్లేట్ మీద చేసే గ్రీస్ పరీక్షను సుమారు 1 మైక్రోమోలార్‌కు (1000 నానోమోలార్‌కు) దిగువన నమ్మలేము. రిడక్టేజ్ తరువాత కనిపించే రంగు దాదాపు అంతా నైట్రేట్‌దే. ఆ నైట్రేట్‌లో పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌ల వాటా చాలా పెద్దది. ముందురోజు రాత్రి తిన్న కూరను బట్టి విలువలు మారుతుంటే, రోగులకూ ఆరోగ్యవంతులకూ మధ్య కనిపించే తేడాకు అర్థం ఉండదు. ముందురోజు ఆకుకూరలు మాన్పించి, రాత్రంతా ఉపవాసం ఉంచి రక్తం తీయండి. నైట్రేట్ మూత్రం ద్వారా పోతుంది కాబట్టి మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ కూడా తప్పక చూడండి.

జవాబు 2:
హెపారిన్ గురించి ఒక మాట. గ్రీస్ కారకంలోని ఆమ్లం తగిలినప్పుడు హెపారిన్ ఉన్న ప్లాస్మా మసకబారవచ్చు. ఆ మసకను యంత్రం రంగుగా చదువుతుంది. మాంసకృత్తులను తొలగించే ఫిల్టర్లలోనూ నైట్రైట్, నైట్రేట్ ఉంటాయి కనుక వాటిని శుద్ధజలంతో ముందే కడగండి. ప్లాస్మాకు బదులు నీటిని అదే గొట్టం, అదే ఫిల్టర్ గుండా పంపి బ్లాంక్‌గా వాడండి. రిడక్టేజ్ పనిచేయడానికి కలిపే ఎన్ఏడీపీహెచ్ అనే సహాయక పదార్థం మిగిలిపోతే అది కూడా రంగును తగ్గిస్తుంది.

జవాబు 3:
నైట్రైటే కావాలంటే ఓజోన్ కెమిల్యూమినిసెన్స్ ఉన్న ప్రయోగశాలను ఆశ్రయించడం మేలు. ఆమ్ల ట్రైఅయొడైడ్ నైట్రైట్‌ను తిరిగి నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుస్తుంది; అది ఓజోన్‌తో కలిసినప్పుడు వెలువడే కాంతిని కొలిచి నానోమోలార్ స్థాయిని కూడా పట్టుకోవచ్చు. ఎస్-నైట్రోసోథయాల్స్ (నైట్రిక్ ఆక్సైడ్ అంటుకున్న గంధక సమ్మేళనాలు) కూడా ఇందులో స్పందిస్తాయి కాబట్టి, నమూనాలో ఒక భాగానికి ఆమ్లంలో సల్ఫనిలమైడ్ కలిపి నైట్రైట్‌ను తొలగించి విడిగా చూడాలి. అయితే రక్తం తీసిన వెంటనే ప్లాస్మాను వేరు చేయకపోతే ఇదంతా వృథా, ఎర్ర రక్తకణాలు నైట్రైట్‌ను నిమిషాలలోనే ఖర్చు చేస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
ఎంతో కృతజ్ఞతలు. ఇప్పటికే ఫ్రీజర్‌లో ఉన్న ప్లాస్మాను వాడుకోవచ్చా?

జవాబు 1:
మొత్తం నైట్రేట్, నైట్రైట్‌ల విలువగా వాడుకోవచ్చు. నైట్రేట్ నిల్వకు బాగానే తట్టుకుంటుంది. ఆహార నియమం పాటించలేదని పద్ధతుల విభాగంలో రాయండి, పట్టికలో ‘నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తి’ అనే శీర్షిక మాత్రం పెట్టకండి.