అప్‌డేట్: మావయ్య హైబ్రిడ్ కారు బ్యాటరీ సంగతి తేలింది

మావయ్య దగ్గరున్న పాత టయోటా క్యామ్రీ హైబ్రిడ్ (పెట్రోలుతో పాటు బ్యాటరీతోనూ నడిచే కారు) మేం తీసుకోవచ్చా, బ్యాటరీ పోతే లక్షలు వదులుతాయా అని అడిగాను కదా. తీసేసుకున్నాం.

హైబ్రిడ్ సిస్టమ్ లైటు వెలుగుతుంటే విజయనగరంలో ఒక మెకానిక్ ప్యాక్ (కారును నడిపే పెద్ద బ్యాటరీ) మొత్తం మార్చాల్సిందేనన్నాడు. విశాఖ తీసుకెళ్లి స్కానర్ పెట్టించాం. ప్యాక్‌లోని బ్లాకుల (విడివిడి భాగాల) వోల్టేజీలన్నీ దాదాపు సమానంగానే ఉన్నాయి, అంటే ప్యాక్ బాగానే ఉన్నట్టు. వెనక సీటు దగ్గరున్న గాలి జాలీ విప్పితే లోపల బొంతలా పేరుకుపోయిన దుమ్ము, కుక్క వెంట్రుకలు! బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను గాలి పీల్చుకునేది అక్కణ్నుంచే. శుభ్రం చేయించాక మిట్టమధ్యాహ్నం ఎండలో శ్రీకాకుళం వెళ్లొచ్చినా ఆ లైటు మళ్లీ వెలగలేదు.

ఇంకోటి, 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేరు, పెద్ద ప్యాక్ వేరు. చిన్నది డౌనైనా కారు కదలదు, రకరకాల లైట్లు వెలుగుతాయి. ముందు దాన్నే చూపించుకోండి, దాని ఖర్చు వేలల్లోనే.

టయోటా వాళ్ల కొత్త హైరైడర్, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మా బండికి వారంటీ గడువు ఎప్పుడో దాటింది, అందుకే నెలనెలా కొంత పక్కన పెడుతున్నాం. ఆ జాలీకి అడ్డంగా సంచులు పెట్టొద్దని అత్తయ్యకి మరీమరీ చెప్పాను. మీ ఇంట్లోనూ చెప్పండి.